తూకపు బట్టలు

మన యిండ్లకు తూకమున వచ్చునవి యేవి, యిండ్లనుండి తూకమునకు పోవునవి యేవి యని యడిగినచో గృహిణులందఱును తడుముకొనకుండ చెప్పగలరు. బియ్యము, చింతపండు, మిరపకాయలు తూకమున వచ్చును. పాత పత్రికలు, చిల్లుపడిన యిత్తడి బిందెలు తూకమునకు పోవును. ఈ నడుమ పట్టణములలో క్రొత్త చీరలను సైతము కిలో లెక్కను అమ్ముచున్నారు గాని, యొకరు కట్టి విడిచిన బట్టను తక్కెడలో వేసి యమ్ముటయు, చదువుకొన్నవారు వరుసలో నిలుచుండి దానిని కొనుటయు 2023వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికా పోవువఱకు మేమెఱుగము.

మా కుమార్తె కాపురము ఒహాయో రాష్ట్రములో. హైదరాబాదునుండి మేము తీసికొనిపోయిన స్వెట్టరు ఆ చలికి ఏ మూలకును చాలలేదు. అంగడిలో మంచి ఉన్నికోటు వెల చూచితిమి. నూటయేబది డాలరులకు పైమాట. మూడు నెలల ముచ్చటకు అంత సొమ్మా యని వెనుదీసితిమి. అమ్మాయి కొంత తడవు ఊరకుండి, "అమ్మా, ఒకచోటికి తీసుకువెళతాను. ఎవరితోనూ అనవద్దు" అని చెప్పి, మఱునాడు అల్లుడు పనికి పోయిన పిదప మమ్ము కారులో నెక్కించుకొనిపోయినది. తల్లిని రహస్యముగా తీసికొనిపోవలసిన చోటేమైయుండునా యని త్రోవ పొడుగునను మాకు దిగులే.

ఆ దేశమున జనులు తమకు అక్కఱలేని బట్టలను, చెప్పులను, పింగాణీ సామానును, పుస్తకములను దానధర్మ సంస్థలకిచ్చుట వాడుక. సంస్థలవారు వానిని ఏరి, వెలచీటి కట్టి, వరుసగా తగిలించి యమ్ముదురు. వచ్చిన సొమ్ములో కొంత పని దొరకనివారికిని అంగవైకల్యము గలవారికిని పని నేర్పుటకు వినియోగమగును. ఇందులకు పేరుపొందిన గుడ్‌విల్ సంస్థ 1902వ సంవత్సరమున బోస్టను నగరమున ఎడ్గార్ హెల్మ్సు అను మెథడిస్టు మతబోధకుని ప్రయత్నమున వెలసినది. ఆయన కలవారి వీధులలో పాత బట్టలు సేకరించి, వానిని పేదలకు ఊరక పంచిపెట్టక, పేదలచేతనే కుట్టించి, బాగుచేయించి, తక్కువ వెలకు అమ్మించెను. ఈ తుదిమాటను చదువరులు కొంచెము జ్ఞాపకముంచుకొన ప్రార్థన.

అట్టి దుకాణములలో కొన్ని వారములు వ్రేలాడియు అమ్ముడుపోని సరకును వేఱొక పెద్ద కొట్టునకు చేర్చుదురు. అచట వెలచీట్లు లేవు. చక్రములుగల నీలిరంగు ప్లాస్టిక్కు తొట్లలో పట్టుచొక్కా, పసిపిల్లల లాగు, విరిగిన బొమ్మ, దుప్పటి యన్నియు కలగలుపుగా కుమ్మరించియుండును. ఎవరికి కావలసినది వారు ఏరుకొని, తుదకు తక్కెడమీద పెట్టవలయును. మేము పోయిన దినమున పౌనునకు ఒకటిన్నర డాలరుకు కొంచె మెక్కువ. పౌననగా 453 గ్రాముల పైచిలుకు.

మేము లోపల నడుగుపెట్టునప్పటికి పాత తొట్లను తీసివేసి క్రొత్తవానిని తెచ్చుచుండిరి. జనులందఱు గోడ ప్రక్కను ఒక గీత కీవల నిలుచుండిరి. వరుస నిండువఱకు ఎవరును చేయి వేయరాదట. కొందఱు చేతులకు తొడుగులు వేసికొనియుండిరి. అంతమంది గుమిగూడియు మాట వినరాకుండుట మాకు వింతగా తోచెను. పనివాడు చేయి యూపగానే, గంగాళములోని పులిహోరకు పెండ్లివారివలె (ఈ పోలికకు మమ్ము మన్నింపుదురు గాక) అందఱును తొట్లపై వ్రాలిరి. కొందఱు ఏరిన ప్రతిదానిని ఫోనులో చూచుకొనుచుండిరి. వారు ఇచట పౌనులెక్కను కొని ఇంటర్నెట్టులో విడివిడిగా అమ్ముకొను వర్తకులని అమ్మాయి చెప్పినది. బీదలకు దక్కవలసినది వీరు తన్నుకొనిపోవుచున్నారే యని మాకు మొదట కోపము వచ్చినది. కాని వారిలో ఒక ముదుసలి మోకాళ్ళ నొప్పితో తొట్టియంచు పట్టుకొని వంగుచుండుట చూచి, ఆమె బీదది కాదని మేమెట్లెఱుగుదుమని యూరకుంటిమి.

అమ్మాయి చేతులు ఆ బట్టలలో తిరుగుచున్న తీరు చూచినపుడు గాని మాకు సంగతి తెలియలేదు. ఆమె క్రొత్తగా వచ్చినది కాదు. అంతకు ముందటి సంవత్సరము అల్లునికి కొన్ని నెలలు ఉద్యోగము లేకపోయెను. నాటినుండి పిల్లల బట్టలన్నియు ఇచటివే. ఫోనులో మనుమని చొక్కాలు చూచి, "ఇంత ఖర్చు పెడతావేమే?" అని మందలించినవారము మేమే. ఆమె అపుడు నవ్వి యూరకుండెను.

ఆ కొట్టులో చెప్పుల జతలు జతలుగా నుండవు. ఒకటి ఈ తొట్టిలో, రెండవది ఆ తొట్టిలో. మనుమనికి సరిపోవు ఎఱ్ఱని బూటొకటి మా చేతికి చిక్కెను. దాని జోడు ఎదుటి తొట్టికడ తలకు గుడ్డ చుట్టుకొన్న యొక యువతి చేతిలో నుండెను. ఆమె ప్రక్కను నాలుగేండ్ల పిల్లవాడు. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. ఇరువురమును క్షణకాలము ఒకరి చేతివంక నొకరము చూచుకొంటిమి. మా మనుమనికి ఇంట మూడు జతలున్నవి. ఆ మాట అపుడు మాకు జ్ఞాపకము లేదని చెప్పినచో అబద్ధమగును. ఆమె మా నెరసిన తల చూచి కాబోలు, నవ్వి, తన చేతిలోని బూటును మాకందిచ్చెను. మేము పుచ్చుకొంటిమి.

కోటు చిట్టచివరి తొట్టిలో దొరకెను. బూడిదరంగు ఉన్ని, లోపల పట్టు పోలిన అస్తరు. వెలుతురున కెత్తి పురుగు తిన్నదేమో చూచితిమి, అతుకులు లాగి చూచితిమి, గుండీలు లెక్కించితిమి. తక్కెడమీద నాలుగు పౌనులు తూగెను. ఏడు డాలరులు కాలేదు. ఇంటికి వచ్చి జేబులో చేయి పెట్టగా నాలుగు మడతల కాగితము వచ్చెను. అందులో వణకుచున్న యక్షరములతో గ్రుడ్లు, పాలు, తపాలా బిళ్ళలు అని వ్రాసియుండెను. అంతే, మా చేయి వెనుకకు వచ్చెను. ఎవరో వృద్ధురాలు. ఇపుడున్నదో లేదో! చనిపోయినవారి బట్టయేమో! మడి యాచారమును ముప్పదియేండ్ల క్రిందటనే విడిచితిమని సభలలో సైతము చెప్పుకొన్నవారము, ఆ కోటును వేడినీటిలో తడిపిన ముడుచుకొనునని అమ్మాయి మొత్తుకొనుచుండగా, చాకలికొట్టునకు రెండు మారులు పంపి కాని తొడుగుకొనలేదు.

అపుడు మా యింటి పనిమనిషి జ్ఞాపకము వచ్చెను. పదునొకండేండ్లుగా ప్రతి పండుగకును ఆమెకు మా పాత చీరల నిచ్చుచున్నాము. ఆమెకును మైల పట్టింపు ఉండవచ్చునని ఒక్కనాడును మాకు తోచలేదు. ఇంకొక సంగతి కూడ చెప్పవలయును. మన వీధులలో పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చు స్త్రీలు వచ్చుచుందురు గదా. వారు చిరుగు కంటబడినచో తీసి ప్రక్కన పెట్టుదురు. కావున మంచివి గిన్నెలకు పోయెడివి. వారు కాదని త్రోసినవి పనిమనిషికి వచ్చెడివి. దీనినే మేము పెట్టుపోత యనుకొనుచుంటిమి. ఒక సంక్రాంతికి ఆమె "చీర వద్దమ్మా, డబ్బులియ్యండి" అని యడిగినపుడు మాకు కష్టము తోచి, రెండు దినములు ఆమెతో ముభావముగా నుంటిమి. తొట్టికడ మేము చేసినట్లు, వెలుతురున కెత్తి చూచి ఇది వద్దు, అది కావలెనని చెప్పుటకు ఆమెకు ఎన్నడును అవకాశము లేదు.

ఆ తూకపు కొట్టులోను మిగిలినదానిని బేళ్ళుగా బిగించి వర్తకులకు అమ్మివేయుదురు. అమెరికావారి యిట్టి బట్టలు ఓడలెక్కి ఘానా దేశపు ఆక్రా నగరమున కాంటమాంటో సంతకు చేరును. 2025 జనవరి మొదట అగ్నిప్రమాదమున చాలభాగము కాలిపోయిన సంత యిదియే. అచటివారు ఈ బట్టలకు పెట్టిన పేరునకు 'చనిపోయిన తెల్లవాని బట్టలు' అని యర్థము. అంత బట్టను బ్రతికియున్నవాడు విడుచునని వారు నమ్మలేకపోయిరి కాబోలు. ఉన్నిబట్టలు కొన్ని మన హర్యానాలోని పానిపట్టునకును వచ్చును. అచట స్త్రీలు గుండీలు త్రెంపి, రంగులవారీగా వేఱుచేసి యిచ్చిన పిదప యంత్రములు వానిని చీల్చి మరల నూలుగా వడకును. ఆ నూలు కంబళులగును. మేము కొనకుండినచో ఆ కోటు మాకంటె ముందుగానే హిందూదేశము చేరియుండెడిదేమో.

జనవరిలో అచటి తెలుగువారు సంక్రాంతి జరిపిరి. ఒకామె కోటు నిమిరి, "ఎంత బాగుందండీ పిన్నిగారూ, ఎక్కడ కొన్నారు?" అని యడిగెను. అమ్మాయి మావంక చూచెను. "అమ్మాయి కొనిపెట్టింది" అంటిమి. అబద్ధము కాదు గాని నిజమును కాదు. అమ్మాయి ముఖము తేటపడెను. ఆ తేటదనము మాకు నచ్చలేదు. నచ్చకపోయినను మఱొకటి చెప్పు ధైర్యము మాకును లేకపోయెను.

మార్చిలో ఇల్లు చేరితిమి. 2024 ఉగాదికి ముందు ఇవ్వదలచిన చీరలన్నియు మంచముమీద పఱచి, పండుగ సొమ్ము వేఱుగా చేతిలో పెట్టి, ఇందులో నీకు నచ్చినవి యుంటే తీసికొమ్ము, లేకున్న మానుమని పనిమనిషితో చెప్పితిమి. ఆమెకు మొదట అనుమానము కలిగెను. ఏమైన పోయినదా, తనను పరీక్షించుచున్నామా యని. పిదప ఒక్కొక్కటియే కిటికీ వెలుతురున కెత్తి చూచినది. అన్నిటిని మడిచి పెట్టివేసినది. బీరువా తలుపు తెఱచియుండెను. అందులో మేము రెండు మారులు మాత్రమే కట్టిన మంగళగిరి చీరను చూపి, "అదిస్తారా అమ్మా?" అని యడిగినది.

ఇచ్చితిమి. ఉగాదినాడు ఆమె దానిని కట్టుకొని వచ్చెను. కుచ్చెళ్ళు మాకంటె ఆమెకే చక్కగా కుదిరినవి. ఆ చీరమీద మమకారము మాత్రము మాకింకను పోలేదు.