తూకానికి సరిపోయిన బొమ్మ

రాజుల చరిత్ర రాసేవాళ్లకు ఆరు నెలల పాపతో పనేముంటుంది? యుద్ధం చెయ్యలేదు, శాసనం వేయించలేదు, కనీసం పెళ్లాడి రెండు వంశాలకు వియ్యమైనా కలపలేదు. జపాన్ చక్రవర్తి హిరోహిటో రెండో కూతురు సచికో సంగతీ అంతే. 1927 సెప్టెంబర్ 10న పుట్టింది, 1928 మార్చి 8న పోయింది. ఆరు నెలలకు రెండు రోజులు తక్కువ. వంశవృక్షంలో ఆ పేరు దగ్గర ఎవరి చూపూ ఆగదు. దాని కింద కొమ్మల్లేవు మరి.

నాకు మాత్రం ఆ ఇంట్లో అందరికంటే ఈ పిల్ల మీదే ధ్యాస.

హిరోహిటో గద్దెనెక్కాక పుట్టిన మొదటి బిడ్డ సచికో. అక్క షిగెకోకి అప్పటికింకా రెండేళ్లు నిండలేదు. రాచబిడ్డలను పుట్టగానే దాదులకో, ఇంకో పెద్దింటికో అప్పగించడం అక్కడి ఆనవాయితీ. హిరోహిటోనే మూడు నెలలైనా నిండకముందు కవమురా అనే నౌకాదళ ప్రముఖుడి ఇంటికి పెంపకానికి పంపేశారు. నగాకో మహారాణి ఆ ఆనవాయితీని పక్కనపెట్టి, బిడ్డలకు తన పాలే పట్టింది. అయినా సచికోకు రక్తం విషమయమైంది. రాజవైద్యులకు కొదవ లేదు, మందే లేదు. పెన్సిలిన్‌ను లండన్‌లో ఫ్లెమింగ్ గమనించింది పాప పోయిన ఏడాదే సెప్టెంబరులో. అది రోగుల దాకా రావడానికి ఇంకో పుష్కరం పైనే పట్టింది.

బిడ్డ పోయేనాటికి నగాకోకి పాతికేళ్లు నిండి రెండు రోజులు.

ఆ కోటకు పసిపిల్లల చావు కొత్త కాదు. హిరోహిటో తాత మెయిజీకి 15 మంది పిల్లలు పుడితే పెరిగి పెద్దయినవాళ్లు అయిదుగురే. ఆ పదిహేను మందీ ఉపపత్నుల కడుపున పుట్టినవాళ్లే. అంతమంది పోయిన చోట ఒక ఆడపిల్ల పోతే, కొలువు నాలుగు రోజులు తలవంచి తన పనిలో పడుతుంది. పడింది కూడా. నవంబరులో క్యోటోలో మహావైభవంగా పట్టాభిషేకం జరిగింది.

తల్లికి అలా కుదరలేదు. పాప అంత పొడవూ పాప అంత బరువూ ఉండే బొమ్మ చేయించుకుని, దాన్ని ఎత్తుకుని ఉండేదని చెబుతారు. పొడవు సరే, బరువు కూడా కావాలనడంలోనే ఉంది ఆమె కడుపుకోతంతా. పాపాయి మొహం పటంలోనైనా కనిపిస్తుంది, చేతుల మీద బరువును ఏ పటం ఇస్తుంది?

తరవాత 1929లో కజుకో, 1931లో అత్సుకో. నాలుగు కాన్పుల్లోనూ ఆడపిల్లలే. వంశోద్ధారకుడి కోసం ఇంకో స్త్రీని తెచ్చుకోమని పెద్దలు నూరిపోశారు. హిరోహిటో ఒప్పుకోలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకుంటాను. అంతకుమించి మెచ్చుకోలేను. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డది ఈ చక్రవర్తి పేరు మీదే. నా జాలి పాపకూ ఆ తల్లికీ.

1933 డిసెంబర్ 23 తెల్లవారుజామున టోక్యోలో సైరన్ మోగింది. ఒకసారి మోగితే ఆడపిల్ల, రెండోసారి కూడా మోగితే మగపిల్లాడు అని ముందే చాటారు. రెండోసారీ మోగింది, అకిహిటో పుట్టాడు, ఊరు సంబరాలు చేసుకుంది. ఆ రెండో మోతకు ముందు క్షణాల్లో నగాకో ఏమనుకుని ఉంటుందో ఊహించడానికి చరిత్రకారుడు కానక్కర్లేదు.

గద్దె మగపిల్లాడికే అన్నది అనాదిగా వస్తున్న ధర్మమని అక్కడ కొందరి వాదన. ఆ మాట నిలవదు. పూర్వం జపాన్‌ను ఎనిమిది మంది స్త్రీలు చక్రవర్తులుగా ఏలారు. ఆడపిల్లకు సింహాసనం లేదని రాసిపెట్టింది 1889 చట్టం, దాన్ని అలాగే కొనసాగించింది 1947 చట్టం. ఇప్పటి చక్రవర్తి నరుహిటోకి ఐకో ఒక్కతే బిడ్డ. ఆ చట్టం ప్రకారం తండ్రి గద్దె ఆమెకు రాదు.