కోట మీదే అంటారు, చేను?

సాయిబు అనగానే మీకేం గుర్తొస్తుంది? అత్తరు, బిర్యానీ, చార్మినారు, గుర్రమెక్కిన నవాబు. మడక పట్టిన సాయిబు గుర్తొస్తాడా? సినిమాలో లేడు, కథలో లేడు, పాఠంలో లేడు. మా పెద్దమండ్యం పక్క మాత్రం ఉన్నాడు.

మొన్న రంజానుకు బస్సు మానుకొని మదనపల్లె నుంచి మోటారు సైకిలు మీద ఊరికి బయల్దేరాను. వెనక నా స్నేహితుడు. చదువుకున్నవాడు, మంచివాడు, మతం పట్టింపు లేనివాడు. గుర్రంకొండ మీదుగా పోయాం. టమోటా మార్కెట్టుకు పోయే బాక్సుల బండ్లు ఎదురొస్తున్నాయి. కట్టెలకు పాకిన టమోటా తోటలు, చింతమాన్లు, ఏనుగుల మంద పడుకున్నట్టు గుండ్లు. ఎర్రనేల గాలి మొహానికి కొడుతుంటే బండి దానంతటదే నెమ్మదించింది.

గుర్రంకొండ కోట కింద ఆగాం. రంగినీ మహలు చూశాం. హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ మక్బరా చూశాం. నా స్నేహితుడు మురిసిపోయి, "మీవాళ్లు భలే కట్టారు భాయ్" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

ఎవరు మావాళ్లు? ఈ కోట కడప నవాబులూ మరాఠాలూ హైదరూ టిపూ నిజామూ అందరి చేతులూ మారింది. 1800లో నిజాం ఈ సీమనంతా కుంఫిణీకి దత్తం చేశాడు. హైదర్ దగ్గరా టిపూ దగ్గరా పెద్ద మంత్రిగా ఉన్న పూర్ణయ్య బ్రాహ్మడు. ఆ రాజ్యాన్ని ఎవరూ పూర్ణయ్య కులం పేరుతో పిలవరు. కొండ మీదికి రాళ్లు మోసినవాళ్లలో మా పెద్దలుంటే, నా స్నేహితుడి పెద్దల పక్కనే మోసి ఉంటారు. నవాబులకైనా మన్రో దొరకైనా శిస్తు కట్టింది రైతే.

పెద్దమండ్యం చేరాక ఒక బావి చూపించాను. మా దాదా కపిల తోలిన బావి. ఇప్పుడు ఎండిపోయింది, పక్కన బోరుంది. దాదా ఇరవై ఏండ్లు కోరుకు చేసి, ఆ మీదట రెండెకరాలు కొన్నాడు. ఇంట్లో మాది ఉర్దూ. కానీ మడక, కాడి, గెనిమ, కళ్లం, వీటికి మా ఇంట్లో ఉర్దూ మాటల్లేవు. మా దాదీ ఉర్దూలో తిట్టేది, తెలుగులో కలుపు తీసేది. వాన రాని ఏడు ఊరితోపాటు మేమూ ఆకాశం చూశాం. చెనిక్కాయలు పోయిన ఏడు మాకూ వడ్డీలే మిగిలాయి.

నా స్నేహితుడు కోటను ఇరవై ఫొటోలు తీశాడు. బావిని ఒక్కటీ తీయలేదు. అతన్ని తప్పుపట్టను. మనకు చూడటం నేర్పిన పుస్తకాలే అట్లా ఉన్నాయి. నవాబు పోయి రెండొందల ఏండ్లు దాటినా అతని వైభవమూ, దాంతోపాటు అతని పాపాలూ మా నెత్తినే ఉన్నాయి. మా దాదా చెమట మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

కోట మాకొద్దని కాదు. ఊరందరిదీ అయినంత మేరకు మాదీ. మాకు అంతకన్నా దగ్గరిది చేను. ఆ రెండెకరాలకు పాసుపుస్తకం ఉంది. పాసుపుస్తకంలో రైతుగా ఉన్న సాయిబు, పాఠ్యపుస్తకంలో ఎప్పుడూ గుర్రం మీదే ఎందుకుండాలి?