మోకాళ్లను అడిగి చూసిన మూడు ఊళ్లు

యాత్ర అనగానే మగవాళ్లకి టిక్కెట్లు గుర్తొస్తాయి, పిల్లలకి చిరుతిళ్లు గుర్తొస్తాయి. నలభై ఐదు దాటిన మనకి మాత్రం మెట్లు గుర్తొస్తాయి! "ఎన్ని మెట్లున్నాయి? కింద కూర్చోవాలా? బాత్‌రూమ్ ఎలాంటిది?" ఈ మూడు ప్రశ్నలకీ జవాబు దొరక్క "మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాలే" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఒకప్పుడు మూడూ నల్లగొండ జిల్లావే. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరే జిల్లా అయ్యాక కోదాడ అటు వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. సంక్రాంతి వెళ్లాక మూడు రోజులు పెట్టుకుని తీరిగ్గా చూసొచ్చాం. మాతో వచ్చిన మా అక్కయ్యకి రెండు మోకాళ్లూ మార్చి ఎనిమిది నెలలైంది. కాబట్టి ఎక్కడికెళ్లినా ముందు ఆమె మోకాళ్లను అడిగి, తర్వాతే అడుగు వేశాం.

ఎరకసానమ్మ గుడి

హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు. నేరుగా వెళితే రెండున్నర గంటలు. మేం నాలుగు గంటలు చేశాం. గంటకోసారి కారు ఆపి అక్కయ్య నాలుగడుగులు నడిచేది. ముందు సీటు బాగా వెనక్కి జరిపాం. కారెక్కేటప్పుడు ముందు సీటు మీద కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకోవాలి. ఒక కాలు లోపల పెట్టి మెలితిరిగి ఎక్కితే మోకాలికి కష్టం. కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల నాటి గుళ్లు. నామేశ్వరాలయం 1202లోను, ఎరకేశ్వరాలయం 1208లోను కట్టినవి. ఎరకేశ్వరాలయం కట్టించింది ఎరకసానమ్మ అనే స్త్రీ అని తెలిసి అక్కయ్య ఎంత మురిసిపోయిందో! నల్లరాతి స్తంభాల మీద చెక్కడాలు చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ రాతి మెట్లు మన ఇంటి మెట్ల కంటే ఎత్తు, గడపలూ ఎత్తే. అక్కడ పనికొచ్చింది ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన సూత్రం... ఎక్కేటప్పుడు ముందు గట్టి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. మెట్టుకి రెండు పాదాలూ చేరాకే తర్వాతి మెట్టు. చేతిలో కర్ర ఉంటే సిగ్గుపడక్కర్లేదు. ఇంటి నుంచి తెచ్చిన మడత కుర్చీ వేసుకుని అక్కయ్య అరగంట శిల్పాలు చూస్తూ కూర్చుంది. నిలబడి హడావుడిగా చూసిన మాకంటే ఆమే ఎక్కువ చూసింది.

తర్వాత దురాజ్‌పల్లి. పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే జాతర 2025 ఫిబ్రవరిలో జరిగింది. యాదవుల ఆడపడుచులు గంపలు నెత్తిన పెట్టుకుని "ఓ లింగా" అంటూ గుట్ట ఎక్కే జాతర అది. మేం వెళ్లినప్పుడు జాతర లేదు. అక్కయ్య గుట్ట వైపు దిగులుగా చూస్తుంటే కొబ్బరికాయలమ్మే అవ్వ అంది: "గుట్టెక్కితేనే మొక్కు ముడుతదా బిడ్డా? ఈడికెల్లే దండం పెట్టు, లింగమయ్యకు కనపడతది." అక్కయ్య కిందినుంచే దండం పెట్టుకుంది. ఏ మెట్లు ఎక్కాలో తెలియడంతో పాటు ఏవి ఎక్కక్కర్లేదో తెలియడం కూడా కోలుకోవడంలో భాగమే.

కోదాడలో బస్సు, బస

సూర్యాపేట నుంచి కోదాడకి బస్సులో వెళ్దామని అక్కయ్య పట్టుబట్టింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్ లేదు కదా! టిక్కెట్ లేదు గానీ, మొదటి మెట్టు మాత్రం ఎత్తే. ఆటోలకీ, జనానికీ దూరంగా బస్సు ఆగితే నేల మీద నుంచి ఆ మెట్టు ఇంకా ఎత్తవుతుంది. అందుకే బస్టాండులోనే ఎక్కాం. "మోకాలు ఆపరేషన్ అయింది తమ్ముడూ, నిమిషం ఆగు" అని కండక్టరుకి ముందే చెప్పాం. ఆయన తనే చేయి అందించాడు. నోరు విప్పి అడిగితే సాయం చేయనివాళ్లు తక్కువే. మనమే అడగం.

కోదాడ దాటితే ఆంధ్ర సరిహద్దు. రాత్రి అక్కడే బస. గది తీసుకునే ముందు ఫోన్లోనే అడిగాం: "కింది అంతస్తులో గది ఉందా? వెస్టర్న్ కమోడ్ ఉందా?" ఈ రెండూ లేకపోతే ఎంత మంచి గదైనా వద్దనండి. మోకీలు మార్చుకున్నవాళ్లు గొంతుక్కూర్చోకూడదు, నేల మీద పడుకుని లేవకూడదు. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకోవద్దు. హాయిగా ఉంటుంది కానీ కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు కావాలంటే మడమ కింద పెట్టుకోవాలి. సాయంత్రానికి వాపు వస్తే తువ్వాలులో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెడితే చాలు. పొద్దున్నే మంచం మీదే అక్కయ్య తన పాఠం మొదలుపెట్టేది... తొడ కండరం బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, మడమను పరుపు మీద జారుస్తూ మోకాలు వంచడం, కాలు నిటారుగా జానెడు ఎత్తడం. ఒక్కోటి పదిసార్లు. యాత్రలో కూడా మానలేదు!

కాలువ గట్టున

మూడో రోజు కారులో హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. దారంతా నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగే పొలాలు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకి నీళ్లు వదిలాక ఈ ప్రాంతం వరి సీమ అయింది. మిర్యాలగూడ నిండా రైసుమిల్లులే. మన కంచంలో అన్నం తెల్లగా ఉంటుంది. దాని వెనక మోకాలిలోతు బురద ఉంటుంది.

యాసంగి నాట్లు పడుతున్నాయి. గట్టు మీద సద్ది తింటున్న ఒకామె అక్కయ్య చేతి కర్ర చూసి పలకరించింది. "నాకూ గుజ్జు అరిగిందన్నరక్కా. ఆపరేషన్ జేస్తే ఇగ నాట్లకు వోవద్దంట. నాట్లకు వోకుంటే తిండెట్ల?" అక్కయ్యకి మాట రాలేదు. నాకూ రాలేదు. బురదలో వంగి నడవడం, గొంతుక్కూర్చోవడం, బరువులు మోయడం... ఏళ్ల తరబడి చేస్తే కీలులోని మెత్తటి పొర అరుగుతుంది. అరిగింది తిరిగి రాదు.

ఆమెకి మేం చెప్పగలిగింది చెప్పాం. గుజ్జు అరిగిన ప్రతి మోకాలికీ కత్తి అక్కర్లేదు. ముందు తొడ కండరం గట్టిపడాలి, బరువు తగ్గాలి. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పి బిళ్లలు దుకాణంలో అడిగి రోజూ మింగితే కిడ్నీలకి ముప్పు. సూర్యాపేటలోనూ, నల్లగొండలోనూ 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, అక్కడ ఎముకల డాక్టరుకి చూపించుకోవచ్చు. కార్డు మీద ఏది వస్తుందో ఆరోగ్యమిత్రను అడగొచ్చు. అన్నీ విని, "మా కోడలికి జెప్పున్రక్కా ఈ మాట" అంది నవ్వుతూ. నవ్వింది కానీ, అసలు సంగతి అదే!

ఈ జిల్లా మోకాళ్లకి ఇంకో కథ ఉంది. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల చిన్న పిల్లలకి మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకరపోతున్నాయని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే 'లాన్సెట్' పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరే పడింది. వయసుతో వచ్చే అరుగుదల వేరు, ఇది వేరు. పిల్లల కాళ్లు వంకరపోతున్నా, పడుచువాళ్ల నడుం బిగుసుకుపోతున్నా డాక్టరుకి చూపించండి. మీరు తాగే నీళ్లనూ పరీక్ష చేయించండి.

వాడపల్లి సంగమం

ఆఖరి మజిలీ వాడపల్లి. కృష్ణలో మూసీ కలిసే చోటు. అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఇద్దరూ ఉన్నారు. రేవు మెట్లు తడిగా ఉంటే దిగకండి, చెంబుతో నీళ్లు తెప్పించుకుని నెత్తిన చల్లుకున్నా పుణ్యమే.

అక్కడ కూర్చున్నప్పుడు అక్కయ్యని అడిగాను, ఆపరేషన్ కంటే ఏది కష్టమైందని. "ఇంటికొచ్చాక కింద కూర్చోనని చెప్పడం" అంది. మర్నాడే వాకర్‌తో నడిపించారట. రెండు వారాలకి కుట్లు విప్పారు. మూడు నెలలకి వంటింట్లోకి వచ్చింది. కత్తిపీట మాత్రం అటక ఎక్కింది. గట్టు దగ్గర ఎత్తు స్టూలు వేశారు. పూజ బల్ల ముందు కుర్చీ వచ్చింది. ఇల్లు తుడిచే కర్ర ఆయన చేతికి వెళ్లింది! వాజ్‌పేయి గారు ప్రధానిగా ఉంటూనే 2000లో ఒక మోకాలు, 2001లో రెండోది మార్పించుకున్నారు. దేశం ఆగలేదు. మనం నాలుగు నెలలు కింద కూర్చోకపోతే ఇల్లు ఆగుతుందా?

ఖర్చు మాట కూడా చెప్పాలి. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీలు ధరకి హద్దు పెట్టింది. ఎక్కువమందికి వేసే రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, పన్ను అదనం. ఆస్పత్రి బిల్లులో కీలు ధర విడిగా చూపించమని అడగండి. సరిగ్గా అమరిన కీలు పదింట ఎనిమిది పాతికేళ్లు నిలుస్తున్నాయి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో గాయం ఎర్రబడినా మాత్రం మర్నాటిదాకా ఆగొద్దు.

డాక్టరు కీలు మారుస్తాడు. ఇంట్లోవాళ్లు అలవాట్లు మారిస్తేనే అది మనకి దక్కుతుంది. కనుక అక్కయ్యలూ, ఈసారి ఇంట్లో ఎవరైనా "నువ్వు ఇంట్లో ఉండు" అంటే, ఆ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వండి. జవాబులు వాళ్లే కనుక్కోవాలి. మీరు మడత కుర్చీ సర్దుకోండి!