గిన్నెకు వెలితిగా ఉప్పు

మా మేనత్త ఆవకాయ లెక్క ఒక్క ఊపిరిలో చెప్పేస్తుంది. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె ఆవపిండి, గిన్నె కారం, గిన్నెకు వెలితిగా ఉప్పు, రెండు గిన్నెల నువ్వుల నూనె. ఏ గిన్నె అని అడగక్కర్లేదు. అన్నిటికీ అదే వాడితే చాలు.

హైదరాబాదులో వేరే కాపురం పెట్టాక, మొదటిసారి సొంతంగా ఆవకాయ పెడుతూ నేనీ లెక్కను బాగుచేయబోయాను. ఇంట్లో కొత్త డిజిటల్ త్రాసు ఉంది. గిన్నె నిండా నీళ్లు పోసి తూస్తే పావు కిలో వచ్చింది. ఇంకేం, గిన్నె అంటే 250 గ్రాములు! కిలో ముక్కలు, పావు కిలో ఆవపిండి, పావు కిలో కారం, వెలితి కింద పాతిక గ్రాములు తగ్గించి ఉప్పు, అర కిలో నూనె. కూడికల్లో తప్పు లేదు. కాకపోతే ఆ 250 నీళ్ల బరువు. ఆవకాయలో పడనిది నీళ్లొక్కటే.

అదే గిన్నెతో కారం కొలిచి తూస్తే 120 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. ఆవపిండీ దాదాపు అంతే. ముక్కల మధ్య సందులుంటాయి కాబట్టి నాలుగు గిన్నెల ముక్కలు కిలో రావు, ఆరు వందల గ్రాముల దగ్గర ఆగుతాయి. ఉప్పు మాత్రం నీళ్లకంటే బరువు. మెత్తటి ఉప్పయితే తలగీసిన గిన్నెడు 290 గ్రాముల దాకా ఉంటుంది. నూనె తేలికే అయినా తేడా కొంచెమే: లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని వేస్తారు చూడండి. అంటే నా త్రాసు పుణ్యమా అని ముక్కలు, కారం, ఆవపిండి ఇంచుమించు రెట్టింపయ్యాయి. నిల్వకు కావలసిన ఉప్పూ నూనే ఉన్నచోటే ఉండిపోయాయి.

మూడో రోజు తిరగకలిపేటప్పుడే తెలిసుండాల్సింది. నూనె పైకి తేలలేదు, పిండంతా పీల్చేసుకుంది. రుచి చూస్తే ఘాటు, చేదు, ఉప్పు చాలని చప్పదనం. ఊరితే సర్దుకుంటుందిలే అని మూత పెట్టేశాను. నిజానికి నేను చేసిన పెద్ద తప్పు ఇది. అంకెలు తప్పినా ఆ రోజు ఉప్పు, నూనె కలిపితే జాడీ దక్కేది. కొన్నాళ్లకు పైన తెల్లగా బూజు.

“తిరగకలపడం ఎందుకనుకున్నావురా, వేడుకకా?” అంది అత్తయ్య ఫోన్లో. త్రాసు సంగతి విన్నాక తిట్టడం మానేసి నవ్వింది.

గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం: మన వంటింటి కొలతలన్నీ పాత్ర నిండితే ఎంత అన్నవే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యానికైనా పప్పుకైనా ఇవే. వీటిని గ్రాముల్లోకి మార్చడానికి ఒకే అంకె ఉండదు, సరుకుకొకటి కావాలి.

ఇప్పుడూ త్రాసుతోనే తూస్తాను, మా ఇంటి గిన్నెకు సరిపడే అంకెలు అల్మరా తలుపు లోపల రాసి పెట్టుకున్నాను. కల్లుప్పు దంచితే ఒక అంకె, ప్యాకెట్ ఉప్పుకి ఇంకొకటి. కారం అంకె మాత్రం నిలవదు. మెత్తగా మర పట్టించిన ఏడు ఒకలా, బరకగా ఆడించిన ఏడు మరోలా. అదొక్కటీ ముందు గిన్నెతో కొలిచాకే త్రాసెక్కిస్తాను.