జోషాందా గుర్తుంది, గంజి మరిచాను

మా నానీమా అనార్ తొక్కలు పారేసేది కాదు. ఎండబెట్టి డబ్బాలో దాచేది. ఏ ఇంట్లో బిడ్డకు దస్త్ పట్టినా ఆ తొక్కలు మరిగించి జోషాందా చేసి, బిస్మిల్లాహ్ అని చెంచాతో పట్టేది. "షిఫా ఇచ్చేది అల్లాహ్, బేటీ. ఇది వసీలా అంతే" అనేది.

నేను ఉస్మానియా క్యాంపస్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివాను. తర్వాత కాపురం పక్కనే తార్నాకలో. మొక్కల్లోంచి మందు పదార్థాలు వేరుచేసే ఐఐసీటీ కూడా ఇక్కడే. చదువుకునే రోజుల్లో ఒక సంగతి తెలిసింది. ములేఠీ, అదే అతిమధురం, దాని నుంచి వచ్చే ఒక పదార్థం ల్యాబ్‌లో పెంచిన కణాల్లో రోటావైరస్‌ను పెరగనివ్వలేదట. అనార్‌లోని పాలీఫినాల్స్ కూడా నోరోవైరస్‌కు చుట్టాలైన వైరస్‌ల జోరు తగ్గించాయట. నానీమాకు సైన్సు గవాహీ ఇచ్చినట్టు ఎంత ఫఖర్ పడ్డానో!

ఆ ఫఖరే నా బిడ్డ మీదికి తెచ్చింది. 11 నెలల వాడు. ఒకటే నీళ్ల విరేచనాలు, వాంతులు. జోషాందా పట్టించి, "వైరస్ తగ్గుతుందిలే" అని కూర్చున్నాను. సాయంత్రానికి వాడు ఏడుస్తుంటే కంట్లో నీళ్లు లేవు. నాలుక ఎండింది. మధ్యాహ్నం నుంచి ఉచ్చ పోయలేదు. ఆటోలో పరిగెత్తాం.

డాక్టరమ్మ సెలైన్ పెట్టి, కోపంగానే చెప్పింది: "రోటావైరస్‌ను చంపే మందు ఇంకా రాలేదమ్మా. గిన్నెలో కణాలు వేరు, బిడ్డ కడుపు వేరు. ప్రాణం తీసేది ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడం. ముందు అవి తిరిగి పోయాలి."

అల్‌హమ్దులిల్లాహ్, బాబు కోలుకున్నాడు. ఫోన్లో అమ్మీకి చెప్పి ఏడ్చాను. అమ్మీ అంది: "నానీమా ఒక్క జోషాందాయేనా ఇచ్చింది? పక్కన ఉప్పేసిన గంజి ఉండేది కదే! రాత్రంతా మేలుకుని గుక్క గుక్క పట్టేది."

నిజమే. నా చదువుకు నచ్చిన సగమే గుర్తుపెట్టుకున్నాను. బిడ్డల్ని నిలబెట్టిన సగం మరిచాను.

అందుకే బెహనోఁ, నా గల్తీ మీరు చేయకండి. పెద్ద ఓఆర్‌ఎస్ పాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి, చెంచా చెంచా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. జింక్ డాక్టర్ చెప్పిన మోతాదులో 14 రోజులు వేయండి. మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. 6, 10, 14 వారాలకు వేసే రోటా చుక్కలు సర్కారీ దవాఖానాలో ముఫ్త్. 2015లో వచ్చిన రోటావాక్ మన హైదరాబాద్‌లోనే తయారైంది.

మూలికల మీద పరిశోధన సాగాలి. ఏదో ఒకరోజు మందు రావాలని నా దువా. నానీమా తొక్కల డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు దాని పక్కనే ఓఆర్‌ఎస్ పాకెట్లు ఉంటాయి.