మారా కొండలలో ఒక వర్ణమాల

పిల్లలూ, మన దేశపటం తీసి ఈశాన్యపు మూల చూడండి. అక్కడ ఒక పక్క బంగ్లాదేశ్, ఒక పక్క మయన్మార్ ఉండగా, వాటి నడుమ దక్షిణానికి చొచ్చుకుపోయిన రాష్ట్రం మిజోరం. పూర్వం దానిని లుషాయి కొండలు అనేవారు. మయన్మార్‌ను బర్మా అనేవారు. మిజోరంలో దక్షిణపు కొసన సియాహా అనే జిల్లా ఉన్నది. ముఖ్యపట్టణం పేరు కూడా సియాహాయే. ఆ మాటకు ఏనుగు దంతం అని అర్థం. ఐజాల్ నుండి అక్కడికి మూడువందల పైచిలుకు కిలోమీటర్లు. దారి పొడుగునా కొండ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం.

ఇక్కడ ఉండేవారు మారాలు. ఇరుగుపొరుగువారు వారిని లఖేర్లు అనేవారు గాని, తమను తాము వారు ఎన్నడూ మారాలనే చెప్పుకున్నారు. 2011 జనాభా లెక్కలలో ఈ జిల్లా జనం మొత్తం దాదాపు 56 వేలు. మన వైపు ఒక మాదిరి పట్టణమంత! సరిహద్దు దాటితే మయన్మార్‌లోని చిన్ రాష్ట్రంలో కూడా మారాల ఊళ్లున్నాయి.

ఈ కొండల మీదుగా ఒక నది పారుతుంది. పటంలో దాని పేరు కొలొడైన్, మారాలకు అది బేనో. ఈ నదికి సరిహద్దులంటే లక్ష్యం లేదు. బర్మా కొండల్లో పుట్టి, మిజోరంలోకి వచ్చి, మళ్లీ బర్మాలోకి మళ్లి, సిత్వే దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఇప్పుడు మారాలలో చాలామంది క్రైస్తవులు. ఊరూరా చర్చి కనిపిస్తుంది. నూట పాతికేళ్ల క్రిందట ఒక్క చర్చీ లేదు, మారా భాషకు ఒక్క అక్షరమూ లేదు. ఆ రెండూ ఒకే ఇంటినుండి వచ్చాయి.

1894వ సంవత్సరం జనవరి 11వ తేదీన జేమ్స్ హెర్బర్ట్ లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు లుషాయి కొండలకు వచ్చి, మిజో భాషకు రోమన్ లిపిలో వర్ణమాల కూర్చారు. 1897 నుండి ఉత్తరభాగంలో వేల్స్ దేశపు ప్రెస్బిటేరియన్లు, 1903 నుండి దక్షిణాన బాప్టిస్టులు పనిచేయసాగారు. ఆ ఇరువురి వెనుకా పెద్ద మిషన్లున్నాయి. మారాల దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.

జేమ్స్‌కు రెజినాల్డ్ ఆర్థర్ అని ఒక తమ్ముడున్నాడు. అతడు 1905లో లండనులో 'లఖేర్ పయొనీర్ మిషన్' అనే చిన్న సంస్థను పెట్టి, భార్య మాడ్‌తో బయలుదేరి 1907 సెప్టెంబరు 26న మారాల ఊరు సైకావో చేరుకున్నాడు. మిజోలు ఆ ఊరిని సెర్కోర్ అంటారు. పేరు మిషనే గాని, అక్కడ ఉన్నది ఆ దంపతులిద్దరే.

అయిదేళ్ల తరువాత, 1912లో, అతడొక పుస్తకం అచ్చువేశాడు. దాని పేరును తెలుగు చేస్తే 'దేవునికొరకు, సామ్రాజ్యముకొరకు అజ్ఞాతారణ్యములలో అయిదేండ్లు' అని వస్తుంది. ఆ అరణ్యాలు అజ్ఞాతమైనవి అతనికే సుమా! మారాలకు అక్కడి ప్రతి వాగూ తెలుసు. తెల్లదొరల పాలన నీడన వచ్చినవాడు కనుక పేరు అలా పెట్టాడు. ఆ సంగతి మరువకుండానే అతడు చేసిన పని చూద్దాం.

సి. పి. బ్రౌన్ దొరగారిని గురించి మీరు చదివి ఉంటారు. ఆయన 1852లో తెలుగు నిఘంటువు ప్రకటించాడు. ఆయనకు తాటాకు గ్రంథాలు దొరికాయి, పండితులు దొరికారు. లోరెయిన్‌కు దొరికినవి మనుషుల నోళ్లు మాత్రమే. వస్తువు చూపించి పేరు అడగాలి, విన్నది వ్రాసుకోవాలి, తిరిగి చదివి వినిపించాలి. వారు నవ్వితే తప్పన్నమాట! వస్తువుల సంగతి సరే; ప్రేమ, పాపం, క్షమ వంటి మాటలకు వేలుపెట్టి చూపించడానికి ఏముంటుంది? నేను పిల్లలచేత చాలాకాలం పలకమీద అక్షరాలు దిద్దించినవాణ్ణి. ఉన్న అక్షరాలు నేర్పడమే ఎంత పనో నాకు తెలుసు. లేనివాటిని కల్పించడం సంగతి మీరే ఆలోచించండి.

రోమన్ అక్షరాలనే మారా ఉచ్చారణకు తగినట్లు సర్దారు. ఉదాహరణకు ఇంగ్లీషులోని 'ఏ', 'డబ్ల్యూ' రెండూ కలిసి అక్కడ ఒకే అక్షరం. ఇంకొక చిత్రం చెబుతాను. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి గనుక మనది అజంత భాష అంటారు గదా! మారా భాషలో కూడా మాట చివర హల్లు నిలవదు. పై పేర్లు మళ్లీ చదవండి: మారా, సియాహా, బేనో, సైకావో. ఇతరులు పలికే పేర్లు చూడండి: లఖేర్, సెర్కోర్. తేడా మీ చెవికే తెలుస్తుంది.

దేవుడనడానికి పరాయి మాట తేకుండా, మారాలు తమ పరమదైవానికి పూర్వంనుండి వాడుతున్న 'ఖజోపా' అన్న మాటనే తీసుకున్నారు. మారాలలో త్లోసాయి, చాపి మొదలైన తెగలున్నాయి, ఒక్కొక్కరి పలుకు ఒక్కొక్క తీరు. పుస్తకం త్లోసాయివారి పలుకులో వ్రాశారు. ఆ పలుకే క్రమంగా అందరికీ వ్రాతభాష అయింది. లోరెయిన్ దంపతులు తమ కూతురి పేరులో కూడా త్లోసాయి అన్న మాట చేర్చారు.

క్రొత్త నిబంధన మారా భాషలో 1928లో వచ్చింది. పాత నిబంధన మిగిలిపోయింది. 1944లో లోరెయిన్ సైకావోలోనే కన్నుమూశాడు. కూతురు త్లోసాయిని పెండ్లాడిన బ్రూస్ ఫాక్సల్ ఆ పని సాగించాడు. 1951లో లోరెయిన్ వ్రాసిన మారా వ్యాకరణము, నిఘంటువు గౌహతిలో అచ్చయ్యాయి. 1956లో సంపూర్ణ బైబిల్ వచ్చింది. సైకావోలో కాలుపెట్టిన నాటికీ దీనికీ నడుమ నలభైతొమ్మిదేళ్లు.

మారాల చర్చి పొరుగున ఉన్న పెద్ద చర్చీలలో కలియకపోవడానికి కారణం మీకు తెలిసిపోయే ఉంటుంది. మిషన్ వేరు, పుస్తకం వేరు, పాడుకునే భాష వేరు. ఈనాడు ఆ ఒక్క మిషన్ సంతానంగా ముఖ్యమైన సంఘాలు మూడున్నాయి. మన దేశంలో రెండు: సియాహా కేంద్రంగా ఉన్న ఇవాంజెలికల్ చర్చ్ ఆఫ్ మారాలాండ్, దానినుండి వేరుపడిన కాంగ్రెగేషనల్ చర్చ్ ఆఫ్ ఇండియా (మారాలాండ్). మయన్మార్‌లో ఒకటి: మారా ఇవాంజెలికల్ చర్చ్. అన్నదమ్ములు వేరుపడ్డట్టే వేరుపడ్డారు. అయినా పుట్టినరోజు అడిగితే అందరూ చెప్పేది ఒకే తేదీ, 1907 సెప్టెంబరు 26.

ఊరి చర్చిని నడిపేది ఊరివారే. సంఘపెద్దలుంటారు, కొన్ని ఊళ్లకు కలిపి పాస్టరు ఉంటారు, అందరికీ పైన అసెంబ్లీ అనే మహాసభ ఉంటుంది. మిజోరం కొండలలో ఆదివారపు బడికి పిల్లలే గాక తాతలు, అవ్వలు కూడా వెళ్లి కూర్చుంటారు! పాటలు మన సరిగమలవంటి స్వరాక్షరాలు చూసి నాలుగు గొంతులతో కలిపి పాడతారు. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి చర్చికని వేరే ఉంచుతుంది. మిజోలలో ఈ అలవాటు 1910లో మొదలయింది. జీతాలకు, బళ్లకు అక్కరకు వచ్చిన సొమ్ములో ఈ పిడికిళ్ల భాగం చిన్నది కాదు.

1937లో బర్మాను మన దేశంనుండి విడదీశారు. మారాల నడుమ గీత పడింది. స్వాతంత్ర్యం వచ్చాక మన వైపు మారాలకు స్వయంపాలక జిల్లా మండలి ఏర్పడింది. అది 1972లో జరిగింది. అవతలి వారికి అటువంటిది లేదు. పాఠశాలలో ఇటువారు నేర్చేది ఒకటి, అటువారు నేర్చేది బర్మా లిపి. ఆదివారంనాడు తెరిచే పుస్తకం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నది. చిన్ రాష్ట్రంలో పోరు చెలరేగి, వేలాదిమంది మిజోరంలోకి వచ్చారు. సియాహా జిల్లాకు వచ్చినవారిలో మారాలు కూడా ఉన్నారు. చర్చీలు, యువజన సంఘాలు వారికి బియ్యమూ బట్టలూ పోగుచేశాయి. మూట భుజాన వేసుకుని కొండ దిగి వచ్చిన పిల్లవాడు ఆదివారంనాడు ఇక్కడి చర్చిలో కూర్చుంటే, వాడికి పాట వేరే నేర్పనక్కరలేదు, అక్షరాలూ నేర్పనక్కరలేదు.