ఛాత్రోపాధ్యాయుల డైరీ

2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్ల చదువైంది. రెండో ఏడాదిలో 16 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్. ఏ రోజు అనుభవం ఆ రోజు డైరీలో రాసుకోవడం అందులో భాగం. ‘పాఠం బాగా జరిగింది, పిల్లలు ఆసక్తిగా విన్నారు’ అన్న వాక్యం చాలా డైరీల్లో పేజీ పేజీకీ కనిపిస్తుంది. ఎక్కడో ఒకదానిలో మాత్రం, ‘భిన్నాలు కూడమంటే సగం మంది హారాలూ కూడేశారు, నేనే తొందరపడ్డాను, రేపు కాగితం మడిచి చూపాలి’ అని ఉంటుంది. ఆ రాతలో పిల్లలు కనిపిస్తారు, రేపటి పాఠమూ కనిపిస్తుంది. బోధన నిలకడగా మెరుగుపడేది ఈ చూపు ఉన్నప్పుడే. అలాగని రాతే సర్వస్వం కాదు. మార్కుల కోసం రాసిన ఆత్మవిమర్శలూ ఉంటాయి. నాలుగు వాక్యాలు కుదురుగా రాయలేకపోయినా తరగతిని కట్టిపడేసేవారూ ఉంటారు. డైరీకి మార్కులు వేసే పర్యవేక్షకులు ముందుగా ఆ తరగతిలో కూర్చుని ఒక పాఠమైనా పూర్తిగా వినాలి.